మాస్టారి జాబు: రోజుకు ఎన్నిసార్లు తినాలి?

పిల్లలూ!

కిందటి నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి నన్ను రెండు రోజులపాటు ఆలోచనలో పడేసింది. విశాఖపట్నం కంచరపాలెం నుంచి అన్నాచెల్లెళ్ళిద్దరు కలిసి రాశారు. అన్నది ఏడో తరగతి, చెల్లెలిది నాలుగు. వాళ్ళ నాన్నగారు ఉక్కు కర్మాగారంలో పని చేస్తారు. ఆ ఇంట్లో పెద్ద తగాదా వచ్చిందట. తగాదా డబ్బు గురించీ కాదు, పొలం గురించీ కాదు. అన్నం గురించి.

తాతగారు రోజుకు ఒక్క పూటే భోజనం చేస్తారు. "ఒంటిపూట తినేవాడు యోగి, రెండు పూటలు తినేవాడు భోగి, మూడు పూటలు తినేవాడు రోగి" అన్న సామెత ఆయన నోట ఎప్పుడూ ఉంటుంది. జిమ్ముకు వెళ్ళే చిన్నాన్న మాత్రం రెండు గంటలకొకసారి ఏదో ఒకటి తినాలంటాడు. అట్లా తింటే కొవ్వు కరిగి కండ పెరుగుతుందని అతని నమ్మకం. ఇక అమ్మగారు, పిల్లలు పళ్ళెం ఖాళీ చేస్తేగాని బడికి గుమ్మం దాటనివ్వరు. ఈ ముగ్గురిలో ఎవరి మాట వినాలో చెప్పమని అన్న అడిగాడు.

ఉత్తరం చివర చెల్లెలు తన చేతిరాతతో మరొక ప్రశ్న కలిపింది. "మాస్టారూ, నాన్నగారి ఫ్యాక్టరీలో కొలిమి రాత్రీ పగలూ తింటూనే ఉంటుందట. దానికి కడుపునొప్పి రాదు. మరి మనం ఎందుకు తింటూ ఉండకూడదు?"

చిన్నదాని ప్రశ్నే నాకు ఎక్కువ నచ్చింది. ముందు దానికే జవాబు చెబుతాను.

ఆ కొలిమిని బ్లాస్ట్ ఫర్నేసు అంటారు. విశాఖ ఉక్కు కర్మాగారంలో అవి మూడు ఉన్నాయి. వాటికి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. మూడోదానికి ఆ పేరు ఎవరు పెట్టారోగాని, ఆకలి సంగతి బాగా తెలిసినవారే అయివుండాలి. పైనుంచి ఇనుప ఖనిజం, కోకు బొగ్గు, సున్నపురాయి పోస్తూ ఉంటారు. కింది నుంచి వేడిగాలి ఊదుతారు. అడుగున కరిగిన ఇనుము చేరుతుంది. పైన మేత పడుతుండగానే లోపల కరగడమూ సాగుతూనే ఉంటుంది. ఒకసారి చల్లారితే దాన్ని మళ్ళీ దారిలోకి తేవడం ఎంతో కష్టం, ఎంతో ఖర్చు. అందుచేత దానికి విశ్రాంతి ఉండదు.

మన జీర్ణకోశం అట్లాంటిది కాదు. అది మీ అమ్మగారి ఇడ్లీపాత్ర వంటిది. ఒక వాయి వేసి మూత పెట్టాలి. అది ఉడికి దిగిన తరవాత ఇంకొక వాయి వెయ్యాలి. సగం ఉడుకుతుండగా మూత తీసి ఒక గరిటె పిండి, ఇంకాసేపటికి మరొక గరిటె పిండి పోస్తూ ఉంటే ఆ ఇడ్లీలు ఎట్లా ఉంటాయో మీరే చెప్పండి!

ఇది ఉత్త పోలిక కాదు. జీర్ణకోశం వాయిలుగా పని చేస్తుందని ఒక వైద్యుడు కంటితో చూచాడు. ఎట్లా చూచాడన్నది వింతకథ.

1822వ సంవత్సరం జూన్ 6వ తేదీన, ఉత్తర అమెరికాలో మాకినా అనే దీవిలో, జంతువుల బొచ్చుతోళ్ళు అమ్మే దుకాణంలో ఒక తుపాకీ పొరపాటున పేలింది. పక్కనే నిలబడివున్న అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే కుర్ర కూలివాడికి ఎడమ వైపు పక్కటెముకల కింద పెద్ద గాయమయింది. అక్కడి సైనిక వైద్యుడు విలియం బోమాంట్ అతడు బతకడనే అనుకొన్నాడు. కాని బతికాడు. గాయం మాత్రం పూర్తిగా మూసుకోలేదు. పైనుంచి జీర్ణకోశంలోకి ఒక రంధ్రం అట్లాగే మిగిలిపోయింది.

1825 ఆగస్టు 1వ తేదీ మధ్యాహ్నం పన్నెండు గంటలకు బోమాంట్ ఒక పట్టుదారానికి పచ్చిమాంసం, ఉడికిన మాంసం, రొట్టె, కాబేజీ ముక్కలు కట్టి ఆ రంధ్రం గుండా లోపలికి దించాడు. ఒంటిగంటకు దారం లాగి చూస్తే రొట్టె, కాబేజీ సగం అరిగాయి, మాంసం అట్లాగే ఉన్నది. మళ్ళీ దించి రెండు గంటలకు చూచాడు. ఈసారి కాబేజీ లేదు, రొట్టె లేదు, ఉడికిన మాంసమూ లేదు. దారం మిగిలింది!

ఇట్లా ఏళ్ళ తరబడి చూచి 1833లో ఆయన ఒక పుస్తకం అచ్చువేశాడు. ఏ పదార్థం అరగడానికి ఎంతసేపు పడుతుందో అందులో పట్టిక ఉన్నది. మన అన్నానికి కూడా అందులో చోటు దొరికింది: ఉడికిన అన్నానికి ఒక గంట. కాల్చిన పందిమాంసానికి ఐదుంబావు గంటలు. సెయింట్ మార్టిన్‌కు కోపం వచ్చినప్పుడు జీర్ణం చెడుతున్నదని కూడా బోమాంట్ రాసుకొన్నాడు. కోపం రాక ఏమవుతుంది? బీదవాడు కనక కడుపులో దారాలు వేలాడదీసుకొని కూర్చోవలసి వచ్చింది. పేరంతా వైద్యుడికి వచ్చింది. అయినా ఆ కూలివాడు వైద్యుడికంటె చాలా ఏళ్ళు ఎక్కువ బతికాడు. 1880లో పోయాడు.

ఇప్పుడు ఇంతకంటె నిక్కచ్చిగా తెలుసు. అన్నం, పప్పు, కూర, పెరుగు కలిసిన భోజనం జీర్ణకోశం నుంచి దిగిపోవడానికి సుమారు మూడు నాలుగు గంటలు పడుతుంది. నూనె, నెయ్యి ఎక్కువైతే ఇంకా ఆలస్యం. దిగిపోయాక జీర్ణకోశం ఊరికే కూర్చోదు. గంటన్నర, రెండు గంటలకొకసారి ఒక పెద్ద అల పుట్టి, మిగిలిన తుక్కును చిన్నప్రేగుల పొడుగునా ఊడ్చుకుపోతుంది. పరగడుపున కడుపు గుర్రుమంటుంది చూడండి, చాలాసార్లు అది ఈ ఊడ్పు చప్పుడే. మనం ఏదైనా నోట్లో వేసుకోగానే ఊడ్పు ఆగిపోతుంది.

కాబట్టి చిన్నాన్నగారి మాట సగమే నిలుస్తుంది. ఎక్కువ శ్రమ చేసేవాడికి ఎక్కువ తిండి కావాలి. అంతా మూడుసార్లలో పట్టకపోతే నాలుగుసార్లు తిననివ్వండి. కాని అదే తిండిని ఆరు భాగాలు చేసి తిన్నంత మాత్రాన కొవ్వు ఎక్కువ కరగదు. ఒక రూపాయిని రెండు అర్ధరూపాయలుగా మార్చినా రూపాయే కదా!

పళ్ళ సంగతి కూడా ఒక్క మాట. తీపి తిన్న ప్రతిసారీ నోట్లోని సూక్ష్మజీవులు ఆమ్లం తయారుచేస్తాయి. లాలాజలం దాన్ని సరిచేయడానికి అరగంటో, ఇంకా ఎక్కువో పడుతుంది. నాలుగు చాక్‌లెట్లు భోజనం తరవాత ఒకేసారి తినేవాడి పళ్ళకంటె, గంటకొకటి చొప్పున నాలుగు గంటలు చప్పరించేవాడి పళ్ళు త్వరగా పుచ్చుతాయి.

ఇక తాతగారి సామెత. దాన్ని నేనూ చిన్నప్పుడు విన్నాను. మాది విజయనగరం వైపు పల్లె. మా నాయనమ్మ "నేను రెండు పూటలే తింటానర్రా" అని గొప్పగా చెప్పుకొనేది. కాని తెల్లవారీ తెల్లవారకముందే ఉల్లిపాయ నంజుకొంటూ పెద్ద చెంబుడు చోడి అంబలి తాగేది. చోళ్ళంటే రాగులు. "మరి అది లెక్క కాదా?" అని అడిగితే, "అది తాగేది కదరా, తినేది కాదు!" అనేది. పూర్వం పొలం పనికి పోయేవారు చద్దన్నాన్నీ, అంబలినీ భోజనంలో జమ కట్టేవారు కారు. సామెత విన్నప్పుడు ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి. పైగా ఆ సామెత పెద్దవాళ్ళను ఉద్దేశించినది. ఎదిగే పిల్లలు యోగులూ కారు, భోగులూ కారు.

ఇంతవరకు చదివి, తక్కువసార్లు తినడమే మంచిదని మీరు అనుకోవచ్చు. అట్లా అనుకోకుండా ఉండడానికి నా తప్పు ఒకటి చెబుతాను.

1993లో నేను గాజువాక వైపు ఒక ఉన్నత పాఠశాలలో సైన్సు చెబుతుండేవాణ్ణి. ఎనిమిదో తరగతిలో ఒక కుర్రవాడు ఉండేవాడు. మొదటి పీరియడులో వాడు చూపు నా మీద పెట్టి ఉండేవాడు గాని ఒక్క మాటా చెవికెక్కేది కాదు. ప్రశ్న అడిగితే నిలబడి దిక్కులు చూచేవాడు. రెండుసార్లు మందలించాను. మూడోసారి పీరియడంతా బెంచీ మీద నిలబెట్టాను. సోమరిపోతని నాలో నేను తీర్మానించుకొన్నాను.

ఆ వారమే నేను జీర్ణక్రియ పాఠం చెబుతున్నాను. నల్లబల్ల మీద రంగు సుద్దలతో జీర్ణకోశం, కాలేయం, ప్రేగులు చక్కగా వేశాను. మర్నాడు ఉదయం ప్రార్థనలో ఆ కుర్రవాడు ఉన్నపళంగా కింద పడిపోయాడు. నీడకు తీసుకుపోయి నీళ్ళు చల్లాం. తెప్పరిల్లాక, "పొద్దున ఏం తిన్నావురా?" అని అడిగాను.

"రాత్రి తిన్నానండి," అన్నాడు.

"ఎప్పుడు?"

"ఏడింటికండి."

అప్పుడు ఉదయం పది కావస్తున్నది. పదిహేను గంటలు! విడమరిచి అడిగితే సంగతి తెలిసింది. వాళ్ళ నాన్న ఒక కాంట్రాక్టరు దగ్గర రాత్రి షిఫ్టు కూలి. పది గంటలకు పోయి తెల్లవారి ఏడింటికి ఇల్లు చేరేవాడు. అమ్మ నాలుగింటికే లేచి చేపలరేవుకు పోయి, గంప ఎత్తుకొని వీధులు తిరిగేది. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి ఉంచేవారు. అది ఒక మనిషికి సరిపోయేంతే ఉండేది. రాత్రంతా బరువులు మోసి వచ్చిన తండ్రి కోసం కుర్రవాడు దాన్ని ముట్టుకొనేవాడు కాదు. "నాకాకలి లేదు నాన్నా" అని చెప్పి బడికి వచ్చేసేవాడు.

నేను బల్ల మీద వేసిన బొమ్మలో కాలేయం ఉన్నది కదా. రాత్రి మనం నిద్రపోతున్నా మెదడు పని మానదు. దానికి చక్కెర అందుతూ ఉండాలి. పెద్దవారిలో శరీరం వాడే శక్తిలో ఐదో వంతు మెదడుకే పోతుంది. ఐదేళ్ళ పిల్లవాడిలో అయితే సుమారు ఐదింట రెండు వంతులు! రాత్రివేళ ఆ చక్కెరను కాలేయం తన కొట్టులోంచి తీసి ఇస్తుంది. పెద్దవారి కాలేయంలో ఆ నిల్వ వంద గ్రాములకు అటూఇటూ ఉంటుంది. పిల్లల కొట్టు చిన్నది, మెదడు ఖర్చు పెద్దది. అందుచేత తెల్లవారేసరికి వాళ్ళ కొట్టు అడుగంటుతుంది. అప్పుడు శరీరం కొవ్వు కరిగించీ, ఇంకా ఏవో తంటాలు పడీ నెట్టుకొస్తుంది గాని, పాఠం వినే ఓపిక ఎక్కడిది? ఇదంతా నాకు తెలుసు. పరీక్షలో పది మార్కులకు రాయమంటే రాసేవాణ్ణి. బెంచీ మీద నిలబడిన పిల్లవాడిలో మాత్రం చూడలేకపోయాను.

మేము ఉపాధ్యాయులం నలుగురం తలా కొంచెం వేసుకొని చోడిపిండి కొన్నాం. ఉదయం కుండెడు అంబలి కాచి, ఆకలిగా ఉన్నవాళ్ళు వచ్చి తాగండని చెప్పాం. ఒక్కరూ రాలేదు! "నాకు ఆకలిగా ఉంది" అని పదిమందిలో లేచి నిలబడడం ఎంత కష్టమో మాకు తోచలేదు. వారం తరవాత ఉపాయం మార్చాం. పెందరాళే వచ్చి తోటలో మొక్కలకు నీళ్ళు పోసినవారందరికీ అంబలి అన్నాం. మొదటిరోజు ఆరుగురు వచ్చారు, నెల తిరిగేసరికి ముప్ఫైమంది. వచ్చినవారిలో ఆకలిగొన్నవారెవరో, ఊరికే వచ్చినవారెవరో ఎవరికీ తెలియదు. మొక్కలకు నీళ్ళు మాత్రం కాస్త ఎక్కువయ్యాయి.

ఒకరోజు ఆ కుర్రవాడి తల్లి గంపతో సహా బడికి వచ్చింది. "నా బిడ్డ ఎవుల్నన్నా అడుక్కున్నాడేటండి?" అని నిలదీసింది. లేదమ్మా, తోటపని చేసినవాళ్ళందరికీ ఇస్తున్నామని చెప్పాను. ఆవిడ తోట చూచింది, కుండ చూచింది, నన్ను చూచింది. ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. తరవాతి నెల మొదటివారంలో కొంగున కట్టుకొని ఒక శేరు చోళ్ళు తెచ్చి కుండ పక్కన పెట్టింది. వద్దనడానికి నాకు నోరు రాలేదు.

ఆ పిల్లవాడు తరవాత క్లాసులో మొదటివాడయ్యాడని చెబితే మీకు సంతోషంగా ఉంటుంది గాని, అది నిజం కాదు. లెక్కలు వాడికి ఎప్పుడూ అంతంతమాత్రమే. మొదటి పీరియడులో మాత్రం ప్రశ్నలు అడిగేవాడు, కొన్ని నాకు జవాబు తెలియనివి కూడా.

బడిలో అన్నం పెట్టాలన్న ఆలోచన మాకు కొత్తగా పుట్టినది కాదు. 1920లోనే మద్రాసు కార్పొరేషను, పిట్టి త్యాగరాయ చెట్టిగారు అధ్యక్షులుగా ఉండగా, థౌజండ్ లైట్స్ పేటలోని తన పాఠశాలలో పిల్లలకు ఫలహారం పెట్టింది. తలకు రోజుకు అణా మించరాదని నియమం. పాఠశాలల్లో వండిన మధ్యాహ్న భోజనం పెట్టాలని 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించింది. మన రాష్ట్రంలో అది 2003 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. ఉదయంపూట రాగిజావ ఇవ్వడం 2023 మార్చిలో మొదలయింది. ఆ వార్త చదివిన రోజున నాకు మా కుండ గుర్తుకు వచ్చింది.

ఇప్పుడు కంచరపాలెం పిల్లలకు జవాబు. మీరిద్దరూ ఉదయం, మధ్యాహ్నం, రాత్రి మూడు పూటలా తినండి. సాయంత్రం బడి నుంచి రాగానే ఒక చిరుతిండి: వేరుశనగలూ బెల్లమో, ఉడికించిన శనగలో, అరటిపండో. బీచిలో మురీ మిక్చరు తిన్నరోజున అదే ఆనాటి చిరుతిండి. ఇంటికి వచ్చి మళ్ళీ తినకండి. మధ్యలో దాహమైతే మంచినీళ్ళు తాగండి. రాత్రి భోజనం ఎనిమిది లోపల ముగిస్తే పడుకొనేసరికి రెండు గంటలు దొరుకుతుంది. లెక్క నాలుగు అయింది. కాని లెక్కకంటె వేళ ముఖ్యం. రోజూ ఒకే వేళకు తింటే కడుపు ఆ వేళకు సిద్ధంగా ఉంటుంది. అమ్మగారికి మాత్రం ఒక మనవి: ఉదయం పెట్టడం మీ వంతు, ఎంత తినాలో కొంత పిల్లల ఆకలికి వదలండి. పళ్ళెం ఖాళీ కావాలన్న పంతం వద్దు. ఏడాది నిండిన పసివాళ్ళ సంగతి వేరు. వాళ్ళ పొట్ట పిడికెడు. మూడు నాలుగుసార్లు అన్నం, మధ్యలో ఒకటి రెండుసార్లు ఏదైనా పెట్టాలి.

అందరి రోజూ ఒకటి కాదు. చీకటితోనే వేటకు పోయే జాలరిపేటవారికి తొమ్మిది గంటలకే మధ్యాహ్నమవుతుంది. మీ నాన్నగారికి సి షిఫ్టు పడినప్పుడు రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా పని. మన శరీరంలో జీవకణాలకు కూడా గడియారాలు ఉన్నాయి. అవి ఎట్లా నడుస్తాయో కనిపెట్టినందుకు ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమానం వచ్చింది. ఆ గడియారాల ప్రకారం రాత్రివేళ తిన్న అన్నం పగలు తిన్నంత బాగా వంటబట్టదు, రక్తంలో చక్కెర ఎక్కువగా పెరుగుతుంది. ఏళ్ళ తరబడి రాత్రి పని చేసేవారిలో మధుమేహం, గుండెజబ్బు కొంత ఎక్కువగా కనిపిస్తున్నాయి. కనక నాన్నగారిని డ్యూటీకి బయలుదేరేముందే భోజనం చేయమనండి. అర్ధరాత్రి దాటాక ఆకలైతే కారేజీ నిండా అన్నం కాకుండా ఏదైనా తేలికగా తినమనండి. ఆయన ఇంటికి వచ్చి కొంచెం తిని పడుకొన్నప్పుడు మీరు గోల చేయకుండా ఉంటే అదీ వైద్యమే.

తాతగారికి నా నమస్కారాలు చెప్పండి. పెద్దవయసులో ఒంటిపూట ఆయన ఒంటికి పడితే నేను కాదనను. కాని ఆయన షుగరు మాత్రలు గాని, ఇన్సులిన్ సూదిమందు గాని వాడుతున్నారా? అవి వాడుతూ పూట మానేస్తే రక్తంలో చక్కెర బాగా పడిపోయి, ఒక్కొక్కప్పుడు ప్రాణం మీదికి రావచ్చు. అట్లాంటివారు డాక్టరును అడగకుండా ఏ పూటా మానరాదు. ఆ సంగతి మీ ఉత్తరంలో లేదు. ఆయననే అడిగి, వచ్చే నెల దాకా ఆగకుండా వెంటనే నాకు రాయండి.